రాష్ట్రం వచ్చేదాకా దాచిన టైర్లు

మీరు చదవబోయేది ఒక సర్వనాశనం కథ. కంగారుపడకండి, ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. పోయినవి రెండు మోటార్‌సైకిల్ టైర్లు, వాటితోపాటు కోరుట్లలో నాకున్న కాస్త పరువు. టైర్లన్నాక అరిగిపోవా, దానికింత గోల దేనికి అంటారేమో. అరిగిపోయి ఉంటే నేనసలు నోరెత్తేవాణ్ణే కాదు. రోడ్డు మీద ఒక్క గజం కూడా తిరగకుండా, నేను కంటికి రెప్పలా కాచుకుంటుండగానే అవి ముసలివైపోయాయి.

అప్పుడు నేను కోరుట్ల బస్టాండు పక్క సందులో బండ్ల నంబర్ ప్లేట్లు రాసేవాణ్ణి. పెయింటర్ సత్తన్న అంటే అందరికీ తెలుసు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ప్రతివాడూ బండి తెచ్చి నా ముందు నిలబెట్టి, "అన్నా, గా ఏపీ తీసేసి టీజీ రాయి" అనేవాడు. ఇంకా రాని రాష్ట్రాన్ని నేను రోజూ రేకు ముక్క మీద తెచ్చి పంపేవాణ్ణి. 'టీ' రాశాక 'జీ' మొదలుపెట్టేలోపల నాకొక కల వచ్చేది. రాష్ట్రం వచ్చేసినట్టు, నేను బండి మీద ధర్మపురి రోడ్డున పోతున్నట్టు, రెండు పక్కలా వరి పచ్చగా ఊగుతున్నట్టు, దూరంగా గోదావరి తళుక్కుమన్నట్టు. "అన్నా, రంగు కారుతాంది!" అని బండివాడు అరిస్తేగానీ నేను కోరుట్లకు తిరిగి వచ్చేవాణ్ణి కాదు.

ఆ డిసెంబరులో రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ నుంచి మాట వచ్చింది. పటాకులు కాల్చాం, రంగులు చల్లుకున్నాం. ఆ సంబరంలోనే నేను జగిత్యాల పోయి బండికి కొత్త టైర్ల జత కొన్నాను. కొత్త రాష్ట్రంలో పాత టైర్లేమిటని నా పట్టింపు. మంచి రోజు చూసి ఎక్కిద్దామని ఇంట్లో పెట్టాను. నేను మంచి రోజు చూసేలోపల ఢిల్లీవాళ్లు మాట మార్చారు. రాష్ట్రం వెనక్కి పోయింది, టైర్లు మాత్రం ఇంట్లో ఉండిపోయాయి.

ఇక చౌరస్తాలో రిలే దీక్షల టెంటు వేశారు. ఆ టెంటులో ఒట్లు పెట్టుకోవడం ఒక జ్వరంలా పట్టుకుంది. రాష్ట్రం వచ్చేదాకా గడ్డం గీయనని ఒకడు, చెప్పులు తొడగనని ఇంకొకడు, చాయ్ ముట్టనని వేరొకడు. ఆ చాయ్ ఒట్టు ఆయన ఇంట్లో తాగి వచ్చి పెట్టుకున్నాడని మాకందరికీ తెలుసు, కానీ ఉద్యమం కదా, ఊరుకున్నాం. మైకు తిరిగి తిరిగి నా చేతికి వచ్చింది. నాకు గడ్డం సరిగ్గా మొలవదు. చెప్పులు లేకుండా నడవలేను. చాయ్ లేకుంటే నా చేయి వణికి అక్షరాలు వంకరపోతాయి. ఏం ఒట్టు పెట్టాలో తోచక దిక్కులు చూస్తుంటే, ఇంట్లో గోడకానించిన టైర్లు కళ్లముందు మెదిలాయి.

"తెలంగాణ అచ్చేదాక నా బండికి కొత్త టైర్లు ఎక్కియ్య!" అని అరిచాను.

చప్పట్లే చప్పట్లు. ఎవడో ఈల కూడా వేశాడు. నా పక్కన కూర్చున్న లచ్చవ్వ మాత్రం చప్పట్లు కొట్టకుండా నా మొహంలోకి చూసింది. లచ్చవ్వ బీడీలు చేసే ముసలమ్మ. పొద్దున చాట చంకన పెట్టుకుని వచ్చేది, టెంటులోనే బీడీలు చుడుతూ పాటలు పాడేది.

"ఎక్కిచ్చినంక యాడికి పోతవ్ కొడుకా?" అని అడిగింది.

"ధర్మపురికి అవ్వా. గోదారి కాడికి."

"నన్ను తీస్కపోతవా?"

"బస్సున్నది గదా అవ్వా?"

"బస్సుల పోతె ముందటోళ్ల ఈపులే కనవడ్తయ్. తొవ్వ కనవడది. నా బతుకుల ఒక్కసారన్న బండి మీద కూసోని, మొఖానికి గాలి కొట్టంగ, తొవ్వంత చూసుకుంట పోవాలె. పోయి గోదారిల మునగాలె. ఇగ సచ్చిపోయినా నాకు రంది లేదు."

ఆ మాటకు నా గుండె కరిగి నీరైంది. అక్కడితో ఆగి "రేపు పోదాం పా అవ్వా" అంటే ఎంత బాగుండేది! కానీ మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. "ఇనుండ్రి! తెలంగాణ అచ్చిన దినం, కొత్త టైర్ల మీద, లచ్చవ్వను నేను గోదారి తానానికి తీస్కపోత!" అన్నాను. లచ్చవ్వ కళ్లు చెమ్మగిల్లాయి. అలా ఒక ముసలమ్మ జీవితంలో మిగిలిన ఒకే ఒక్క కోరికను తీసుకెళ్లి రెండు రబ్బరు చక్రాలకు కట్టేశాను.

మర్నాటి నుంచే టైర్లకు గండాలు మొదలయ్యాయి. రాస్తారోకో అంటే చౌరస్తాలో టైర్లు కాల్చడం. ఊళ్లో పాత టైర్లన్నీ అయిపోవచ్చాయి. ఉద్యమకారులు నా ఇంటి వైపు, బోనాల ముందు మేకపోతును చూసినట్టు చూడసాగారు. ఒకరోజు మా జట్టు కుర్రాడు నేరుగా వచ్చి అడిగేశాడు.

"సత్తన్నా, నీ కాడ రెండు టైర్లున్నయట గదా, చౌరస్తాల కావాలె."

"అరే, అవి కొత్తయిరా!"

"కొత్తయైతె ఇంకా మంచిగ మండుతయ్ గదనే."

ఆ పూటే టైర్లను గోనెసంచిలో చుట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను. అక్కడ మా అక్క ఉండేది. బావ రాజేశానికి మరమగ్గాల షెడ్డు ఉంది. సిరిసిల్లలో వాటిని సాంచాలంటారు. రేకుల కప్పు కింద పొద్దంతా టకటకలాడుతూ తిరిగే ఆ సాంచాల మధ్యకు ఏ ఉద్యమకారుడూ టైర్ల కోసం రాడని నా ధీమా.

"గోడకు నిలవెట్టు బామ్మర్దీ, మూలకు చీకట్ల ఉంటయ్" అన్నాడు బావ.

"వద్దు బావా, ఎలుకలు కొరుకుతయ్. పైన ఏలాడదీద్దాం."

సరిగ్గా మోటారు పైన దూలానికి పెద్ద మేకు కొట్టి, రెండు టైర్లనూ దండల్లా తగిలించాను. కిందికి దిగి చూస్తే ఎంత అందంగా ఉన్నాయో! వాటి నల్లటి మెరుపు, ఒంటి మీద నిలిచిన సన్నటి రబ్బరు వెంట్రుకలు చూస్తుంటే కడుపు నిండిపోయింది. అక్క అన్నానికి పిలిచినా కదల్లేదు.

అప్పటి నుంచి పండుగ పండుగకూ సిరిసిల్ల పోయేవాణ్ణి. అక్కను చూడ్డానికని చెప్పేవాణ్ణి, అక్క నమ్మేది కాదు. సాంచాల నూనె డబ్బాలో గుడ్డ ముంచి, నిచ్చెనెక్కి, టైర్లకు ఒళ్లంతా నూనె పట్టించేవాణ్ణి. పసిపిల్లలకు నూనె రాస్తే ఒళ్లు గట్టిపడుతుంది కదా, టైర్లకు మాత్రం ఎందుకు పడదని నా శాస్త్రం.

"సొంత మేనల్లుని నెత్తికి సుక్క నూనె రాయలే, గా టైర్లకు తలంటుతున్నవా?" అనేది అక్క.

"రాష్ట్రం అచ్చినంక తెలుస్తది నీకు" అనేవాణ్ణి.

తర్వాత బట్ట తానుల మీద వెల్లకిలా పడుకునేవాణ్ణి. పైన టైర్లు మెల్లగా ఊగుతుండేవి. రేకుల సందుల్లోంచి ఎండ వచ్చి వాటి మీద చారలు చారలుగా పడేది. సాంచాల చప్పుడు కాసేపు వింటే అది సాంచాల చప్పుడులా ఉండదు, దూరం పోతున్న బండి చప్పుడులా ఉంటుంది. నేను కళ్లు మూసుకుంటే చాలు, ఆ బండి కదిలేది. లచ్చవ్వ వెనక కూర్చుని పాడేది. జగిత్యాల దాటేది, పొలాలు దాటేది, గాలి తడిగా తగిలేది, అల్లంత దూరంలో ఇసుక, ఇసుక వెనక నీళ్లు. కరెంటు పోయి సాంచాలు ఆగితే నా బండి కూడా అక్కడే ఆగిపోయేది. ఎన్ని పండుగలొచ్చినా నేను గోదావరి ఒడ్డుకు చేరలేకపోయాను. అయినా ఆ పగటి కలలంత సుఖం నాకు మళ్లీ దొరకలేదు.

కోరుట్లలో మాత్రం నా బతుకు వేరేగా ఉండేది. బండికున్న పాత టైర్లు గుండు కొట్టించుకున్నట్టు నున్నగా అయిపోయాయి. చినుకు పడితే బండి ఒకవైపు, నేనొకవైపు. పంక్చర్ షాపు మహబూబ్ భాయ్ నన్ను చూడగానే పానా అందుకునేవాడు.

"సత్తన్నా, ఇగ ట్యూబు లేదు భాయ్, మొత్తం ప్యాచులే. కొత్తయి తెచ్చి ఎక్కియ్యరాదు?"

"ఒట్టు పెట్టిన మహబూబ్ భాయ్."

"ఒట్టు నువ్వు పెట్టినవ్, సైకిల్ పంపు నేను కొడుతున్న."

లచ్చవ్వ కనబడినప్పుడల్లా నా క్షేమం అడిగేది కాదు, టైర్ల క్షేమం అడిగేది. "మంచిగున్నయా కొడుకా?" అంటే, "దొర లెక్క ఉన్నయ్ అవ్వా" అనేవాణ్ణి. వంటావార్పులు జరిగాయి, రోడ్ల మీద బతుకమ్మలు ఆడారు, సకల జనుల సమ్మె వచ్చి పోయింది. రాష్ట్రం మాత్రం రాలేదు. ఏటికేడు ఆమె నడుం వంగిపోతోంది. ఒకసారి టెంటు ముందు మెట్టు ఎక్కలేక నా భుజం పట్టుకుని, "నేనుండంగ అత్తదంటవా?" అని అడిగింది. నాకు భయం వేసింది. నిజంగా భయం వేసింది. అప్పుడైనా ఒట్టు గట్టున పెట్టి ఆమెను బండెక్కించవచ్చు. కానీ మైకులో అన్న మాట! ఊరేమనుకుంటుంది! "అత్తది అవ్వా, జెర ఓపిక పట్టు" అన్నాను. ఆమె బాగానే ఓపిక పట్టింది. ఆ తెలివి తక్కువతనమంతా నాదే.

చివరికి ఢిల్లీలో బిల్లు పాసైంది. గడ్డాల వాళ్లంతా మంగలి షాపుల ముందు వరస కట్టారు. లచ్చవ్వ ఆ రోజే ముల్లె సర్దుకుని నా దుకాణానికి వచ్చింది.

"పోదాం పా కొడుకా, అచ్చింది గదా."

"ఇంకా కాగితం మీదనే అచ్చింది అవ్వా. జూన్‌ల అసలు దినమున్నది. గా దినం జెండా ఎక్కినంకనే పోదాం."

ఆమె ముల్లె చంకన పెట్టుకుని వెనక్కి పోయింది.

ఆ అసలు దినానికి ముందురోజు సిరిసిల్ల పోయి మేకు మీంచి టైర్లు దించాను. దించుతుంటే సన్నగా పటపటమని చప్పుడైంది. కొత్త వస్తువు కదా, బిగువుగా ఉందనుకున్నాను. రెండింటినీ మెడలో వేసుకుని కోరుట్ల బస్సెక్కితే కండక్టర్ ఎగాదిగా చూశాడు.

"ఏందన్నా గివి, పాతసామానుకు ఏసేటందుకా?"

"కొత్త టైర్లయ్యా! ఒక్కసారన్న ఎక్కియ్యలే!"

"గట్లనా" అన్నాడు కండక్టర్, పక్క సీటు వాడి వైపు చూసి కన్నుకొడుతూ. నా మెడ చుట్టూ చొక్కా మీద నల్లటి పొడి రాలింది.

మహబూబ్ భాయ్ టైరును చేతిలోకి తీసుకుని రెండు బొటనవేళ్లతో వంచాడు. వంచిన చోట ఎండిన చెరువు అడుగులా బీటలు విచ్చుకున్నాయి. కింద పెడితే అది గుండ్రంగా లేదు, మేకుకు వేలాడి వేలాడి కోడిగుడ్డులా సాగిపోయింది.

"వీటిని యాడ పెట్టినవ్ సత్తన్నా?"

"బావ షెడ్డుల. మేకుకు తగిలిచ్చిన."

"పైన రేకులా?"

"రేకులే."

"కింద మోటర్?"

"ఔ, పొద్దంత తిరుగుతనే ఉంటది."

"ఇంకేమన్న జేసినవా?"

"పండుగ పండుగకు సాంచాల నూనె రాసిన."

మహబూబ్ భాయ్ తల పట్టుకున్నాడు. "యా అల్లా! వేడి, మోటర్, నూనె, మేకు. టైర్‌ను సంపాలనుకున్నోడు గూడ గిన్ని జెయ్యడు భాయ్! మోటర్ కాడి గాలికి రబ్బర్ పలుగుతది. నూనెకు ఉబ్బుతది. ఉత్తగ చీకట్ల నిలవెట్టి మర్చిపోతె ఇంకా కొన్ని దినాలు బతుకుతుండె."

"వాడలేదు గదా భాయ్, ముసలిదెట్లయితది?"

"రోడ్డు మీద తిరిగితెనే రబ్బర్ మెత్తగుంటది. కూసోవెడితె కూసున్న కాడనే ముసలైతది. నువ్వూ నేనూ ఐతలేమా?"

"ఏమన్న గానీ, ఎక్కియ్యి. రేపు లచ్చవ్వ తయారుంటది."

"నా మాట ఇను. పాత గుండ్లే నయం!"

వింటే నేను సత్తన్ననెందుకవుతాను? పోట్లాడి, బతిమాలి, సబ్బు నీళ్లు పట్టించి, కొత్త ట్యూబులు వేయించి ఎక్కించాను. మహబూబ్ భాయ్ గాలి కొడుతున్నంతసేపూ మొహం పక్కకు తిప్పుకునే ఉన్నాడు.

తెల్లారి జెండా ఎగిరింది. కోరుట్ల నుంచి జగిత్యాలకు బండ్ల ర్యాలీ. లచ్చవ్వ గులాబీ రంగు కొత్త చీర కట్టి, చేతిలో ముల్లె పట్టుకుని నిలబడింది. ఇద్దరు పట్టుకుని ఆమెను నా వెనక కూర్చోబెట్టారు.

"పైలం అవ్వా!"

"నువ్వు నడుపు కొడుకా."

బండి కదిలింది. కదిలిందంటే, ఎగిరింది. గుండ్రంగా లేని టైరు ఒక్కో చుట్టుకూ ఒక్కో ఎగురు ఎగిరింది. నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. అద్దంలో చూస్తే లచ్చవ్వ పైకి లేచి కింద పడుతోంది. ఆమె ఎప్పుడూ బండెక్కలేదు కాబట్టి, బండ్లన్నీ ఇలాగే పోతాయనుకుంది.

"గిదేందిరా, గుర్రం లెక్క దుంకుతాంది! మంచిగున్నది!"

"మంచిగున్నదా అవ్వా?"

"తొవ్వంత కనవడుతాంది కొడుకా!"

ఆ మాట వినగానే నా కల మళ్లీ మొదలైంది. ఎండ వేడి కూడా చల్లగా అనిపించింది. ముందు ఖాళీ రోడ్డు, వెనక జెండాలు, నినాదాలు. ఇన్నేళ్లూ సాంచాల చప్పుడులో విన్న బండి ఇదేననిపించింది. ఈసారి కరెంటు పోదు, ఈసారి ఒడ్డుకు చేరతాననుకుంటూ కళ్లు అరమోడ్చాను.

మేడిపల్లి దాటుతుండగా 'ఢాం' అంది.

వెనక టైరు పక్కభాగం బారెడు చీలి, ట్యూబు బయటికి ఉబ్బి పేలింది. బండి అటూ ఇటూ తూలి రోడ్డు పక్కన గడ్డిలో నిలిచింది. దేవుడి దయ, ఇద్దరం పడలేదు. వెనకొస్తున్న ర్యాలీ అంతా అది మేం కాల్చిన పటాకు అనుకుని, "జై తెలంగాణ!" అని గొంతెత్తి అరిచింది. నేను చేయి ఊపి ఆగమంటే, నేను జెండా ఊపుతున్నాననుకుని వాళ్లూ చేతులూపారు. అలా ఊపుతూ ఊపుతూ అందరూ మమ్మల్ని దాటి జగిత్యాల వైపు పోయారు.

దుమ్ము తగ్గాక నేను, లచ్చవ్వ, చీలిన టైరు మిగిలాం. ముందు టైరు కూడా నేనున్నానన్నట్టు బుస్సుమని మెల్లగా కూలబడింది. నేను రోడ్డు పక్కన కూర్చుని టైరును నిమురుతూ ఏడుపు మొహం పెట్టాను.

"అవ్వా, నీకిచ్చిన మాట పోయె. నేను నూనె గూడ రాస్తిని..."

లచ్చవ్వ ఎండలో చేయి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపే చూస్తోంది. ర్యాలీకి ఆలస్యమైన ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చి మమ్మల్ని చూసి ఆగింది.

"ఏమైంది అవ్వా? యాడికి పోవాలె?"

"ధర్మపురికి బిడ్డా. గోదారికి."

"నేను జగిత్యాల దాకనే... సరే పా, ఇయ్యాల గాకపోతె ఇంకెన్నడు? ఎక్కు."

మెట్టెక్కడానికి నా భుజం పట్టుకునే లచ్చవ్వ, ఎవరి సాయమూ లేకుండా ఆ స్కూటీ మీదికి ఎలా ఎక్కిందో నాకిప్పటికీ అర్థం కాదు. ముల్లె ఒళ్లో పెట్టుకుని, కొంగు బిగించి, నా వైపు తిరిగింది.

"కొడుకా, నువ్వు టైర్లను చూసుకుంట కూసో. నేను గోదారిని చూసత్త."

స్కూటీ సాఫీగా, ఒక్క ఎగురూ లేకుండా వెళ్లిపోయింది. గులాబీ కొంగు గాలికి ఎగురుతూ ఎగురుతూ చిన్న చుక్కయి మలుపు తిరిగింది. నాకు సిగ్గుగా ఉంది, కడుపు మంటగా ఉంది, దాంతోపాటు చెప్పలేనంత సంతోషంగా కూడా ఉంది. బండి నెట్టుకుంటూ మేడిపల్లికి తిరిగొచ్చి, ఒక చాయ్ హోటల్ ముందు బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా స్కూటీ తిరిగొచ్చింది. లచ్చవ్వ జుట్టు ఇంకా తడిగా ఉంది. మొహం కడిగిన కంచుగిన్నెలా మెరుస్తోంది.

"మునిగినవా అవ్వా?"

"మునిగిన కొడుకా. నా పేరు మీద ఓ మునుగు, నీ పేరు మీద ఓ మునుగు."

"సల్లగుండు అవ్వా."

"నీ టైర్ల పేరు మీద గూడ మునిగిన. పాపం, ఏ సుఖం చూడకుంటనే పోయినయ్."

హోటల్‌లో చాయ్ తాగుతున్న వాళ్లంతా గ్లాసులు కింద పెట్టి నవ్వారు. స్కూటీ అమ్మాయి హ్యాండిల్ మీద వాలిపోయి నవ్వింది. నేనూ నవ్వాను, వేరే దారి ఏముంది?

కాబట్టి మహాజనులారా, తూర్పు ముఖంగా నిలబడి, కుడిచేయి ముందుకు చాచి, మైకు చేతిలో లేకుండా చూసుకుని, నేనీ ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కొత్త వస్తువునూ గొప్ప రోజు కోసం దాచను. కొత్త చొక్కా కొన్న పూటే తొడుగుతాను, మిఠాయి పొట్లం దారిలోనే విప్పుతాను, ఏ రబ్బరు వస్తువుకూ తలంటు పోయను. ఎవరినైనా ఎక్కడికైనా తీసుకుపోతానని మాటిస్తే, మంచి రోజు చూడను, జెండాల కోసం ఆగను. టైర్లో గాలి ఉన్న పూటే తీసుకుపోతాను.